కూరగాయల గంపకు ఆశీలు ఉంది, కోట్ల డాలర్లకు లేదు



వారపు సంతలో ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. తెల్లవారక ముందే నెత్తిన గంప పెట్టుకొని నడిచివచ్చిన తల్లి ఇంకా ఒక్క వంకాయ కూడా అమ్మి ఉండదు. ఈలోగా ఆశీలు వసూలు చేసే మనిషి వచ్చి ఎదురుగా నిలబడతాడు. ఆమె కొంగుముడి విప్పి డబ్బిచ్చి చీటీ తీసుకుంటుంది. సాయంత్రానికి సరుకు అమ్ముడుపోయినా, ఎండకు వాడిపోయినా ఆ ఆశీలు మాత్రం తప్పదు. మనం సబ్బుబిళ్ల కొంటే దాని ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. నాలుగు సెంట్ల స్థలం కొంటే స్టాంపు రుసుము కట్టనిదే రిజిస్ట్రేషను జరగదు.

ఇంకొక సంత ఉంది. దానికి పందిళ్లు లేవు, తక్కెడలు లేవు. అక్కడ అమ్మేదీ డబ్బే, కొనేదీ డబ్బే. డాలర్లిచ్చి యెన్లు, యెన్లిచ్చి యూరోలు కొంటారు. దీనిని విదేశీ మారకద్రవ్య విపణి అంటారు. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఉన్న అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు మూడేళ్లకొకసారి దీని లెక్క తీస్తుంది. 1998 ఏప్రిల్‌లో ఈ సంతలో రోజుకు సుమారు 1.5 లక్షల కోట్ల డాలర్లు చేతులు మారాయి. 2022 ఏప్రిల్ నాటికి అది 7.5 లక్షల కోట్ల డాలర్లయింది. ఇది ఏడాది మొత్తం కాదు, ఒక్క రోజు బేరం. ఇందులో సరుకుల దిగుమతికి, చదువులకు, ప్రయాణాలకు నిజంగా అవసరమైన డబ్బు కొద్ది భాగమే. మిగిలినదంతా బ్యాంకులు, పెట్టుబడి నిధులు తమలో తాము చేసుకునే బేరాలే. ఈ సంతలో ఆశీలు వసూలు చేసే మనిషి లేడు.

‘ఇక్కడ కూడా ఓ చిన్న సుంకం ఉండవద్దా?’ అన్న ప్రశ్న మీద యాభై ఏళ్లకు పైగా ప్రపంచంలో వాదం నడుస్తోంది. పార్లమెంటులు చర్చించాయి, దేశాధినేతలు తగవులాడుకున్నారు. రోములోని మన శ్రీసభ అధికారులు కూడా మాట్లాడారు. ఇది పెద్ద చదువులు చదివినవారి గొడవ, మనకెందుకు అని పక్కన పెట్టవద్దు. దీని మంచిచెడ్డలను ఈ వారం నిదానంగా తెలుసుకుందాం.

ఈ ఆలోచన ఎవరిది?

బ్రిటన్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1936లోనే షేర్ల బేరాల మీద గట్టి పన్ను వేస్తే జూదం తగ్గి, నిజమైన పెట్టుబడికి చోటు దొరుకుతుందని రాశాడు. డబ్బు మార్పిడి మీద సుంకం వేయాలన్నది మాత్రం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ టోబిన్ ఆలోచన. ఆయనకు 1981లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అంతకు పూర్వం దేశాల నాణేల విలువ డాలరుకు, డాలరు విలువ బంగారానికి ముడిపడి ఉండేది. 1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న ముడి విప్పేశాడు. నాణేల విలువలు ఏ రోజుకారోజు మారడం మొదలైంది. మారే విలువల మీద పందెం కాసేవారు పుట్టుకొచ్చారు. ఆ మరుసటి ఏడు, 1972లో, టోబిన్ ఒక ఉపన్యాసంలో ఈ సుంకం ప్రతిపాదించాడు. వేగంగా తిరిగే చక్రంలో కాస్త ఇసుక పోస్తే అది నెమ్మదిస్తుంది కదా, డబ్బు పరుగును కూడా అలాగే నెమ్మదింపచేయాలన్నది ఆయన భావం. బీదదేశాల కోసం నిధి పోగుచేయడం ఆయన తొలి ఉద్దేశం కాదు. పందెందారుల ఒత్తిడికి లొంగకుండా ప్రతి ప్రభుత్వం తన ప్రజల అవసరాన్ని బట్టి వడ్డీరేట్లు నిర్ణయించుకోగలగాలన్నదే ఆయన కోరిక.

ఒక చిన్న లెక్క వేద్దాం

సుంకం నూటికి పది పైసలు, అంటే 0.1 శాతం అనుకుందాం. యంత్రాలు దిగుమతి చేసుకునే ఒక వ్యాపారి ఏడాదికొకసారి కోటి రూపాయలిచ్చి డాలర్లు కొంటాడు. అతడు కట్టే సుంకం పదివేల రూపాయలు. కోటి రూపాయల వ్యాపారానికి ఇది పెద్ద భారం కాదు.

మరొకడు అదే కోటి రూపాయలతో రోజూ ఉదయం డాలర్లు కొని సాయంత్రం అమ్ముతాడు. కొన్నప్పుడు పదివేలు, అమ్మినప్పుడు పదివేలు, రోజుకు ఇరవై వేలు. ఏడాదిలో 250 పనిదినాలకు యాభై లక్షలు! అసలులో సగం సుంకానికే పోతుంది. చూశారా, రేటు ఇద్దరికీ ఒక్కటే. అవసరం కోసం వచ్చినవాడికి అది చీమకుట్టినట్లు కూడా ఉండదు. గంటగంటకూ బేరమాడేవాడు మాత్రం ఆగి ఆలోచించుకోవలసి వస్తుంది.

గల్ఫులో ఉన్న మా అబ్బాయి పంపే డబ్బు మీద కూడా పడుతుందా అని కొందరు తల్లులు అడుగుతారు. అందరికీ వర్తించేలా ఈ రేటున వేసినా, ఇరవై వేల రూపాయల మీద పడేది ఇరవై రూపాయలు. వలస కార్మికులు ఇంటికి పంపే డబ్బులో ప్రపంచ సగటున నూటికి ఆరుకు పైగా పంపకపు ఖర్చులకే పోతోందని ప్రపంచ బ్యాంకు లెక్క. గల్ఫు నుండి మన దేశానికి పంపే ఖర్చు సాధారణంగా అంతకంటే తక్కువే. ఏమైనా, కార్మికుల చిన్న మొత్తాలను ఈ సుంకం నుండి మినహాయించాలని కోరడం న్యాయమే.

పందెం ఒకరిది, ఆకలి మరొకరిది

ఈ వాదం ప్రజల్లోకి వచ్చింది 1997లో. థాయిలాండ్ నాణెం బాట్ విలువ అప్పటివరకు డాలరుకు సుమారు 25గా ఉండేది. అక్కడి కంపెనీలు, బ్యాంకులు విదేశాల నుండి డాలర్లలో విపరీతంగా అప్పులు చేశాయి. బాట్ పడిపోతుందని పసిగట్టిన పందెందారులు దానిని పెద్దఎత్తున అమ్మసాగారు. ఆ దేశపు కేంద్రబ్యాంకు తన దగ్గరున్న డాలర్లు కుమ్మరించి నిలబెట్టాలని చూసి, చివరకు 1997 జూలై 2న చేతులెత్తేసింది. ఆ భయం ఇరుగుపొరుగు దేశాలకు పాకింది. పెట్టుబడిదారులు ఒకరిని చూసి ఒకరు డబ్బు తీసుకొని పారిపోయారు.

ఇండోనేషియాలో డాలరుకు సుమారు 2,400గా ఉన్న రూపయ్య 1998 జనవరిలో 14,000 కూడా దాటింది. అంతకు ముందు ఒక డాలరు అప్పు తీర్చడానికి చాలిన డబ్బు ఇప్పుడు ఆరో వంతుకు కూడా చాలలేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1998లో ఆ దేశపు ఉత్పత్తి నూటికి 13 వంతులు తగ్గింది. బియ్యం, నూనె, కిరోసిను ధరలు పేదలకు అందకుండా పోయాయి. అల్లర్లు చెలరేగి, మే 21న అధ్యక్షుడు సుహార్తో పదవి వదిలాడు.

జకార్తాలో ఉద్యోగం పోగొట్టుకున్న కుట్టుపనివారు, తాపీ కూలీలు బ్యాంకులకు డాలర్లు అప్పు పెట్టలేదు, రూపయ్య మీద పందెం కాయలేదు. పందెం ఎక్కడో జరిగింది, అన్నం ఇక్కడ తరిగింది. ఈ వాదంలో మన మనస్సాక్షిని తట్టవలసిన చోటు ఇదే.

1997 డిసెంబరులో ఒక ఫ్రెంచి పత్రిక సంపాదకుడు ఇగ్నాసియో రామొనే టోబిన్ సుంకం కోసం ఉద్యమించమని పిలుపునిచ్చాడు. 1998లో ‘అటాక్’ అనే సంఘం వెలిసి చాలా దేశాలకు వ్యాపించింది. 1999 మార్చిలో కెనడా ప్రతినిధుల సభ, ఇతర దేశాలతో కలిసి ఇటువంటి సుంకం తేవాలనే తీర్మానాన్ని 164-83 ఓట్లతో ఆమోదించింది. విచిత్రం ఏమంటే, ఈ సందడి టోబిన్‌కే నచ్చలేదు. తాను స్వేచ్ఛావాణిజ్యాన్నీ, అంతర్జాతీయ ద్రవ్యనిధినీ సమర్థించేవాడినని, ఉద్యమకారులు తన పేరును వేరే పనికి వాడుకుంటున్నారని 2001లో చెప్పాడు. మరుసటి ఏడాది ఆయన మరణించాడు.

కాదనేవారి మాట కూడా విందాం

న్యాయం కోరేవారు ఎదుటివారి వాదాన్ని పూర్తిగా వినాలి. కాదనేవారు చెప్పేవాటిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది, డబ్బు పారిపోతుందని. దీనికి స్వీడన్‌ను సాక్ష్యంగా చూపుతారు. ఆ దేశం 1984లో షేర్ల బేరాల మీద సుంకం వేసి, 1986లో రెట్టింపు చేసింది. స్వీడన్ దళారుల ద్వారా జరిగే బేరాల మీదనే సుంకం గనుక వ్యాపారులు లండన్ దళారుల దగ్గరకు వెళ్లిపోయారు. 1990 నాటికి స్వీడన్ షేర్ల వ్యాపారంలో సగానికి పైగా లండన్‌కు తరలిపోయింది. రుణపత్రాల మీద వేసిన సుంకం ఏడాదికి 150 కోట్ల క్రోనార్లు తెస్తుందనుకుంటే ఏ ఏడూ 8 కోట్లు దాటలేదు. 1991లో మొత్తం ఎత్తివేశారు.

కానీ లండన్‌లోనే మరో సాక్ష్యం ఉంది. బ్రిటన్‌లో స్టాంపు సుంకం 1694 నుండి ఉంది. నేడు బ్రిటిష్ కంపెనీల షేర్లు కొనేవారు నూటికి అర్ధ రూపాయి చొప్పున కట్టాలి. కొనేవాడు ఏ దేశంలో ఉన్నా సరే, సుంకం కట్టనిదే షేరు అతని పేరిట చట్టప్రకారం నమోదు కాదు. మన భూమి రిజిస్ట్రేషన్ లాంటిదే ఇది. దళారి మీద వేస్తే దళారిని మార్చుకుంటారు. హక్కుపత్రం మీద వేస్తే తప్పించుకోవడం కష్టం. కాబట్టి సుంకాన్ని ఎలా కడతారన్నదాని మీదనే ఫలితం ఆధారపడుతుంది.

రెండవది, ఇంత చిన్న సుంకం పెద్ద సంక్షోభాన్ని ఆపలేదని. ఇది నిజం, ఒప్పుకోవాలి. ఒక నాణెం విలువ సగానికి పడిపోతుందని నమ్మినవాడు నూటికి పది పైసల కోసం వెనుకాడడు. అందుకే జర్మన్ ఆచార్యుడు పాల్ బెర్న్డ్ స్పాన్ 1996లో రెండంచెల సుంకం సూచించాడు. మామూలు రోజుల్లో అతి స్వల్పంగా ఉండి, నాణెం విలువ హద్దుమీరి ఊగినప్పుడు మాత్రం భారీగా పడాలన్నాడు. మరొక చిక్కు కూడా ఉంది. సుంకం వల్ల జూదం తగ్గితే రాబడి తగ్గుతుంది, రాబడి బాగా వస్తోందంటే జూదం సాగుతున్నట్లే. ఒక్క దెబ్బకు రెండు పిట్టలూ పూర్తిగా పడవు.

మూడవది, బ్యాంకులు ఈ భారాన్ని చివరకు మామూలు ఖాతాదారుల మీద, పింఛను దాచుకున్నవారి మీద వేస్తాయని. ఈ భయం కొంత సబబే. ఎంత తరచుగా బేరాలు చేసే నిధి అయితే అంత భారం పడుతుంది, కొన్నది ఏళ్లతరబడి ఉంచుకునే నిధి మీద తక్కువ పడుతుంది. అయినా రేటు నిర్ణయించేటప్పుడు ఈ మాట మరువరాదు.

ఐరోపాలో జరిగిన కథ

2008లో అమెరికాలో పెద్ద బ్యాంకులు కుప్పకూలాయి. వాటిని నిలబెట్టడానికి ప్రభుత్వాలు ప్రజల పన్నుల డబ్బు పోశాయి. లాభం వచ్చిననాడు తమది, నష్టం వచ్చిననాడు అందరిదీ అన్నట్లయింది. దానితో పాత ఆలోచనకు కొత్త బలం వచ్చింది. 2009 నవంబరులో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ జి-20 ఆర్థికమంత్రుల సమావేశంలో ఈ మాట ఎత్తగా అమెరికా కాదన్నది.

2011 సెప్టెంబరు 28న యూరోపియన్ కమిషన్ ఒక ముసాయిదా తెచ్చింది. షేర్లు, బాండ్ల బేరాల మీద 0.1 శాతం, డెరివేటివ్‌ల మీద 0.01 శాతం సుంకం వేస్తే ఏటా 5,700 కోట్ల యూరోలు వస్తాయని అంచనా వేసింది. ప్రజల మామూలు చెల్లింపులను, ఇంటి రుణాలను మినహాయించింది. నాణేల తక్షణ మార్పిడిని కూడా మినహాయించడంతో, టోబిన్ దేనిమీద సుంకం అడిగాడో అదే బయట ఉండిపోయింది!

పన్నుల విషయంలో సభ్యదేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ప్రపంచమంతా వేస్తేనే తామూ వేస్తామని బ్రిటన్ అన్నది. పాత అనుభవం ఉన్న స్వీడన్ కూడా వ్యతిరేకించింది. 2013లో జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ తదితర 11 దేశాలు విడిగా ముందుకు వెళ్లడానికి అనుమతి పొందాయి. తరువాత ఎస్టోనియా తప్పుకున్నది. మిగిలిన దేశాల మధ్య ఏ బేరాలను కలపాలి, వచ్చిన డబ్బు ఎవరిది అన్న తగవు తెగలేదు. ఉమ్మడి సుంకం రానేలేదు. కొన్ని దేశాలు మాత్రం ఎవరికివారు వేసుకున్నాయి. ఫ్రాన్స్ 2012 ఆగస్టులో, ఇటలీ 2013లో, స్పెయిన్ 2021లో తమ పెద్ద కంపెనీల షేర్ల మీద సుంకం మొదలుపెట్టాయి. ఫ్రాన్స్ ఆ రాబడిలో కొంత బీదదేశాల సహాయానికి కేటాయించింది.

మన దేశంలో 2004 అక్టోబరు 1 నుండి షేర్ల బేరాల మీద ఇటువంటి పన్ను ఉంది. 2023-24లో దీని రాబడి 30 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ భయపెట్టినట్లు మార్కెట్టు మూతపడలేదు. అయితే జూదమూ ఆగలేదు. 2024 సెప్టెంబరులో సెబి వెల్లడించిన అధ్యయనం ప్రకారం, మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరాలు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగానే. ఫోను చేతబట్టుకొని ఈ ఆటలో దిగిన పిల్లలు మన విచారణలలోనూ ఉండవచ్చు. పన్ను ఒక కంచె మాత్రమే, బుద్ధి చెప్పే పని ఇంటిదే.

శ్రీసభ ఏమన్నది?

2011 అక్టోబరు 24న వాటికన్‌లోని న్యాయ, శాంతి మండలి ప్రపంచ ఆర్థిక వ్యవస్థ సంస్కరణ గురించి ఒక పత్రం వెలువరించింది. కార్డినల్ పీటర్ టర్క్‌సన్ గారు అప్పుడు ఆ మండలికి అధ్యక్షులు. ఆర్థిక బేరాల మీద, వాటి స్వరూపాన్ని బట్టి, న్యాయమైన రేట్లతో సుంకం వేయడం గురించి ఆలోచించాలని ఆ పత్రం సూచించింది. ఆ రాబడి ప్రపంచాభివృద్ధికి, సంక్షోభంలో పడిన దేశాలను ఆదుకునే నిధికి ఉపయోగపడగలదని చెప్పింది. 2018 మే నెలలో వాటికన్ వెలువరించిన మరొక పత్రం, పన్నులు తప్పించుకునే దేశాల ద్వారా సాగే బేరాల మీద కొద్దిపాటి పన్ను వేసినా ప్రపంచపు ఆకలి సమస్య చాలావరకు తీరుతుందన్న లెక్కను గుర్తుచేసింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. ఇవి విశ్వాస సత్యాలు కావు, విశ్వలేఖలు కూడా కావు. 2011 నాటి పత్రాన్ని మండలి ఆలోచనకు సహాయంగానే అందించింది. దానితో విభేదించిన కతోలిక మేధావులు ఉన్నారు. అలా విభేదించడం పాపం కాదు. మరి శ్రీసభ ఎందుకు మాట్లాడింది?

లేవీయకాండములోని పరిగె కట్టడను గుర్తుచేసుకోండి. పంట కోసేటప్పుడు పొలం అంచులదాకా కోయకూడదు, రాలిన వెన్నులు ఏరుకోకూడదు. అవి పేదలకు, పరదేశులకు వదలాలి. మోవాబు నుండి వచ్చిన రూతు తన అత్తను పోషించుకున్నది ఆ పరిగెతోనే. ఆ పరిగె రైతు ధర్మబుద్ధితో పెట్టిన భిక్ష కాదు, కట్టడ ప్రకారం పేదలకు చెందినది. ఇంకొక సంగతి గమనించండి. ఆ అంచు ఎన్ని మూరలు ఉండాలో అక్కడ కొలత చెప్పలేదు. ఆ కొలత నిర్ణయించుకునే బాధ్యత మనుషులకే విడిచిపెట్టబడింది.

శ్రీసభ బోధ కూడా ఇంచుమించు ఇదే. 0.1 శాతమా, 0.01 శాతమా, షేర్ల మీదనా, నాణేల మీదనా అన్నది పండితులు, పాలకులు తేల్చవలసిన కొలత. అంచుదాకా కోసుకుపోవడం మాత్రం తగదు. గంప దించిన తల్లి దగ్గర ఆశీలు తీసుకునే లోకం, రోజుకు లక్షల కోట్ల డాలర్ల సంత దగ్గరకు వచ్చేసరికి ‘ఇది కుదిరే పని కాదు’ అని ముగించకూడదు. కుదరకపోవడానికి నిజమైన కారణాలు ఉంటే వాటిని సరిచేయాలి. స్వీడన్ తప్పు నుండి, బ్రిటన్ స్టాంపు సుంకం నుండి నేర్చుకోవాలి. ఈ ఒక్క సుంకంతో లోకం మారిపోతుందని ఎవరైనా అంటే దానినీ నమ్మవద్దు.

కుటుంబంలో, అన్బియంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఒక నెలలో మనకు తెలియకుండానే ఏయే వస్తువుల మీద పన్ను కడుతున్నామో పిల్లలతో కలిసి జాబితా రాయండి.

2. 1997లో పందెం కాసినవారెవరు, నష్టపోయినవారెవరు? మన ఊళ్లో అటువంటి ఉదాహరణ ఏదైనా ఉన్నదా?

3. ఈ సుంకాన్ని కాదనేవారి మూడు వాదాలలో మీకు బలమైనదిగా తోచినది ఏది? ఎందుకు?

4. ఇటువంటి సుంకం వస్తే ఆ డబ్బు ఎవరి చేతిలో ఉండాలి? దాని ఖర్చు లెక్క ఎవరు అడగాలి?

5. మన కుటుంబపు ఆదాయమనే పొలంలో మనం వదులుతున్న అంచు ఎంత?

వచ్చే సంతరోజున ఆ గంప దగ్గర ఆగినప్పుడు ఈ పాఠం జ్ఞాపకం చేసుకోండి. ఆమె కట్టిన ఆశీలు చీటీ ఆ గంపలోనే ఎక్కడో ఉంటుంది. ఆమెతో బేరమాడేముందు ఒక్క క్షణం ఆలోచించండి.